అంగీల పంచాంగం

పదిహేడో పెట్టె మూత తీసేముందు ఓదెలు ఊపిరి బిగబట్టాడు. మనిషి ఊపిరి తగిలితే సాలీడు బెదురుతుంది. బెదిరితే దారం తెంపుతుంది. దారం తెగితే వీధంతా సైరన్ మోగి, స్నానం చేస్తున్నవాళ్ళు కూడా సబ్బు నురగతోనే బయటికి పరిగెత్తుతారు. ఇంటింటికీ తిరిగి సాలీళ్ళను చూసే ఈ పనిలో చేరిన తొమ్మిదేళ్ళలో అతని చేతిలో అలా ఒక్కసారే జరిగింది. ఆ ఒక్కసారిని కాలనీ ఇంకా మరిచిపోలేదు.

పెట్టె మధ్యగదిలో, గచ్చు కోసి చేసిన గుంటలో, నేలకు సమానంగా కూర్చుని ఉంది. లోపల అరచేయంత సాలీడు, కాళ్ళనిండా నూగుతో. ఓదెలు మెత్తటి కుంచెతో దాని వెనుక కాలిని తాకాడు. కాలు లేచింది.

"అంగీ?" అని అడిగాడు.

ఇంటాయన కాగితం పొట్లం విప్పాడు. అందులో సాలీడు విడిచిన అంగీ ఉంది. ఎనిమిది కాళ్ళ తొడుగులు, కోరల గుల్లలు, అన్నీ ఉన్నాయి. లోపల ప్రాణం లేదని తెలియనివాడు దానిమీద చెయ్యి పెట్టడు. ఓదెలు దాన్ని చదువుపలక మీద పరిచాడు. పలక పచ్చగా వెలిగింది. గడువులు లెక్కగట్టే యంత్రం పంచాంగం అందులోంచి పలికింది.

"విడుపు స్వీకరించాను. తదుపరి విడుపు మూడువందల పద్దెనిమిది రోజులకు."

"పోయినసారి మూడువందల నలభై అన్నది గద," అన్నాడు ఇంటాయన.

"అన్నది."

"అంతకుముందు ఏడాది అన్నది. దీని వయసు పెరుగుతున్నదా, తరుగుతున్నదా ఓదెలన్నా?"

ఓదెలు మూత బిగించాడు. చదివిన అంగీని పొయ్యిలో వేయాలని నియమం. అతను దాన్ని పొట్లంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఇంటాయన చూసీ చూడనట్టు తలుపు దాకా వచ్చి సాగనంపాడు.

పదమూడో ఇంక్లైన్ గని కాలనీ కింద బొగ్గు అయిపోయి అరవై ఏళ్ళయింది. బొగ్గు తీసుకుపోయినవాళ్ళు పోయారు, దాని ఖాళీ మాత్రం మిగిలింది. ఆ ఖాళీ మీద పదకొండు వందల ఇళ్ళు ఉన్నాయి. ఎప్పుడు ఏ వీధి కుంగుతుందో తెలుసుకోవడానికి మొదట యంత్రాలు దించారు. గని నీళ్ళకు అవి రెండు వానాకాలాలు ఓర్చుకోలేదు. సాలీళ్ళు ఓర్చుకున్నాయి. నేల జారబోయే ముందు పుట్టే వణుకు వాటి కాలి నూగుకు గంట ముందే అందుతుంది. గుంట అడుగున కూర్చున్నది గోడమీదికి ఎక్కుతుంది, దారం తెగుతుంది, మనుషులు బతుకుతారు. అందుకే ఇంటికొక పెట్టె. పెట్టెలో సాలీడు లేని ఇంట్లో మనిషి ఉండకూడదు. అది నేలకాపు శాఖ చట్టం.

చట్టం దాకా ఎవరికీ పేచీ లేదు. దాని వెనకే నియమాల పుస్తకం వచ్చింది. నూగు అరిగిపోతుందట, కొత్త అంగీతోనే మళ్ళీ మొలుస్తుందట, అంగీ విడవడం ఆలస్యమైన సాలీడు చెవిటిదట. చెవిటిదాన్ని బాగుచేయడానికి మందు బండి వస్తుంది. విడుపు సూది పొడుస్తుంది. సూది పడ్డ సాలీడు నిజంగానే విడుస్తుంది, కానీ లోపల కొత్త తోలు ఇంకా తయారై ఉండదు. పోయిన నెల చంద్రయ్య ఇంట్లో ఓదెలు కళ్ళారా చూశాడు. సగం బయటికి వచ్చి, కాళ్ళు పాత తొడుగుల్లో ఇరుక్కుని, మూడు రోజులు గింజుకుని చచ్చింది. నాలుగో రోజు ఇంటికి సీలు వేశారు. చంద్రయ్య ఇంటిల్లిపాదీ ఇప్పుడు మట్టిదిబ్బ అవతల రేకుల షెడ్డులో ఉన్నారు. కొత్త సాలీడు వచ్చేదాకా అని చెప్పారు. పిల్ల సాలీడు పెద్దదై కాపు కాయడానికి ఐదారేళ్ళు పడుతుందన్నది మాత్రం చెప్పలేదు.

పద్దెనిమిదో ఇల్లు కనకక్కది.

కనకక్క పాతికేళ్ళు గని క్యాంటీన్‌లో వండింది. ఇప్పుడు ఇంట్లోనే సర్వపిండి కాల్చి అమ్ముతుంది. ఆమె నోటికి జడిసి మందు బండి డ్రైవర్లు కూడా ఆ వీధిలో హారన్ కొట్టరు. ఆమె సాలీడు పేరు దొరసాని.

"రా తమ్మీ, రా. దొరసాని పొద్దటిసంది నీకోసమే తల దువ్వుకుంటున్నది," అంది కనకక్క, మూకుడు కిందికి దించి.

ఓదెలు మూత తీశాడు. కాలనీలోకెల్లా పెద్ద సాలీడు అది, పదిహేనేళ్ళ ఆడది. గుంటలో కాళ్ళు చాపుకుని, పేరుకు తగ్గట్టే, ఎవరో వచ్చి దణ్ణం పెట్టాలన్నట్టు కూర్చుని ఉంది. అతను దాని కడుపు మీది బట్టతల లాంటి చోటు చూశాడు. లేత రంగులోనే ఉంది. విడుపు దగ్గర పడితే అక్కడ నల్లబడుతుంది. తిండి మానేస్తుంది.

"తింటున్నదా?"

"నిన్న రెండు బొద్దింకలు మింగింది. నాకన్న నయం."

"అయితే ఇంకో ఆరు నెల్లదాకా ఇడువదక్కా."

"నాకు తెల్వదా? పోయిన మాటు ఇరవై ఆరు నెల్లకు ఇడిసింది. అంతకుముందు ఇరవై నాలుగు. ఇప్పుడు ఇరవై రెండు నడుస్తున్నయి. దొరసాని, దాని ఇష్టం."

ఓదెలు చొక్కా జేబులోంచి ఒక నూక తీసి, పెట్టెకు రెండు బారల దూరంలో గచ్చు మీద వదిలాడు. చప్పుడు మనిషి చెవికి అందలేదు. దొరసాని ముందు కాలు లేచి, నూక పడ్డవైపు తిరిగి ఆగింది. ఈ పరీక్ష పుస్తకంలో లేదు. పుస్తకం రాసినవాళ్ళు ఎప్పుడూ గచ్చు మీద కూర్చుని ఉండరు.

"చెవిటిది కాదు," అన్నాడు ఓదెలు.

పలక మాత్రం ఎర్రగా వెలిగింది. "గడువు దాటినది. విడుపు సూది, నేడు, సాయంత్రం నాలుగు గంటలకు."

కనకక్క పలక వైపు చూడలేదు. ఓదెలు సంచి వైపు చూసింది. ఆ సంచిలో ఒక పసుపు డబ్బా ఉంటుందని కాలనీలో తెలియనివాళ్ళు లేరు.

"ఇంకేం చూస్తున్నవ్? డబ్బల్నుంచి ఒకటి తియ్యి. పోయినేడు తీసినట్టే."

ఓదెలు డబ్బా తీశాడు. కొత్తగా జేబులో వేసుకున్నదాన్ని కలుపుకుంటే రెండే అంగీలు ఉన్నాయి. ఒకటి చిన్నది, దొరసానికి సరిపోదు. రెండోది సరిపోతుంది. వార్డులో ఇవాళ గడువు దాటినవి ముప్పై ఒకటని పలక మీదే ఉంది.

ఈ డబ్బా పద్ధతి మొదలుపెట్టింది ఓదెలే. తొమ్మిదేళ్ళ కింద పంచాంగం పెద్ద సాలీళ్ళకు ఐదువందల రోజులు గడువు వేసింది. పిల్ల సాలీళ్ళు నెలకో రెణ్ణెల్లకో విడుస్తాయి. పిల్లల్ని పెంచిన చోట చూసిన లెక్కను సాగదీసి పెద్దవాటికి అంటగట్టారు. గడువు దాటిన మొదటి ఇంట్లో ఓదెలు వేరే ఇంటి అంగీ పలక మీద పరిచాడు. పలక పచ్చగా వెలిగింది. అంగీ మీద పేరు రాసి ఉండదు కదా! ఆ రోజు అతనికి గర్వంగా ఉండింది. ఆరో తరగతితో బడి మానేసినవాడు ఇంజనీర్ల మెదడును మోసం చేశాడని మిగతా అంగీలవాళ్ళకు కూడా చెప్పుకున్నాడు. అందరి సంచుల్లోకీ డబ్బాలు వచ్చాయి.

"తీస్తవా, నన్నే తియ్యమంటవా?"

"ఆగక్కా." ఓదెలు గచ్చు మీద చతికిలబడ్డాడు. "ఐదువందలుండె. తరువాత నాలుగు వందల అరవై. మూడు వందల అరవై అయిదు. మూడు వందల నలభై. ఇయ్యాల మూడు వందల పద్దెనిమిది. దినాలు ఎందుకు తగ్గుతున్నయంటవ్?"

కనకక్క నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నన్నడుగుతున్నవా? నువ్వే కద నేర్పినవ్ దానికి! ఏడాది కాకముందే దొరసాని ఇడిసిందని పోయినేడు రాసిస్తివి. నువ్వొక్కనివా, మీ జమాతంతా అదే పని. పెద్దయి జల్ది జల్ది ఇడుస్తున్నయని అది నమ్మింది, గడువు తగ్గించింది. నమ్మినదాని తప్పా, రాసినోని తప్పా?"

మూకుడులో నూనె చల్లారుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఓదెలుకు చంద్రయ్య సాలీడు కళ్ళముందు మెదిలింది. తొడుగుల్లోంచి కాళ్ళు లాక్కోవడానికి అది మూడు రోజులు పడ్డ అవస్థ. దాన్ని చంపింది సూది అని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాడు.

అతను డబ్బా మూత పెట్టేశాడు.

"ఇది పెడితే నీ ఇల్లు ఇయ్యాల నిలబడుతది. ఎల్లుండి గడువు మూడు వందలైతది. ఎక్కువ ఇండ్లు దాటుతయి. నా డబ్బల అంగీలుండయి. ఇగ పెట్టనక్కా."

"అరె! చేతుల పెట్టుకొని పెట్టవా? నాలుగ్గొట్టంగ బండి వస్తుంటే, నాకు నీతులు చెప్పనీకె వచ్చినవా? తొమ్మిదేండ్లు దొంగతనం చేసి ఇయ్యాల గుడికి పోతవా?"

"గుడికి కాదు. ఆఫీసుకు పోత. నేను రాసిన అబద్ధాలన్ని కొట్టేయించుకుంట."

"కొట్టేస్తే?"

"నాకు తెల్వదు. అడిగి తెలుసుకోవాలె."

కనకక్క అతన్ని కొంచెంసేపు తేరిపార చూసింది. తరువాత కొంగు బిగించి పెట్టె దగ్గర కూర్చుంది.

"దారం ఇప్పు. నీ దగ్గర తాళపుచెవి ఉన్నది కద."

"పెట్టె జాగల్నుంచి తియ్యొద్దు."

"సాలీడు లేని ఇంట్ల మనిషి ఉండొద్దన్నరు. నేనే ఇంట్ల లేకుంటే? నువ్వు అక్కడ కథలు చెప్పేలోపల వాడొచ్చి సూది పొడిస్తే ఎవన్ని అడగాలె? ఇప్పు."

ఓదెలు విప్పాడు. ఆమె పెట్టెను చంటిబిడ్డలా ఎత్తుకుని బయలుదేరింది. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. "దొరసానిని ఊరేగిస్తున్నవా కనకవ్వా?" అని ఎవరో అన్నారు. "నీ ఇంట్లదాన్ని జూసుకో, ముప్పై ఒక్కట్ల అదీ ఉన్నది," అంది ఆమె, ఆగకుండా.

వార్డు ఆఫీసులో నివేదిత ఒక్కతే ఉంది. ఇరవై ఏడేళ్ళ ఇంజనీరు, ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలయింది. బల్ల మీదికి ఎక్కిన పెట్టెను చూసి కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"ఇది ఇక్కడికి ఎందుకు తెచ్చారు?"

"నువ్వు ఎన్నడు చూసి ఉండవు కద బిడ్డా, చూడు," అంది కనకక్క.

ఓదెలు చెప్పవలసింది చెప్పాడు. దాచకుండా, మొదటి ఇంటి నుంచి. నివేదిత మధ్యలో రెండుసార్లు ఆపబోయి ఆపలేదు.

"ఇది నాకు చెప్పకుండా ఉంటే బాగుండేది ఓదెలు గారూ."

"ఇయ్యాల ముప్పై ఒక్కటి చస్తయి మేడం. బండ్లు ఆపుండ్రి."

"నేను ఆపలేను. బండ్లకు తేదీ ఇచ్చేది పంచాంగం. అది ఫిర్యాదులు తీసుకోదు, అంగీలే తీసుకుంటుంది. ఒక్కటి మాత్రం ఉంది." ఆమె తెర వైపు తిరిగింది. "ఎవరి నమోదు వాళ్ళు రద్దు చేసుకోవచ్చు. ఈ వార్డులో పంచాంగం లెక్కకు తీసుకున్న పెద్ద సాలీళ్ళ విడుపులు ఎనిమిదివందల పది ఉన్నాయి. ఆరువందల కంటే తగ్గితే తేదీ వేసే హక్కు దానికి పోతుంది. కానీ మొదటి రద్దుతోనే మీ ఉద్యోగం పోతుంది. క్వార్టర్ ఖాళీ చేయాలి. విచారణ ఉంటుంది."

"ఆరో తరగతిల ఒకసారి పేరు కొట్టేసిండ్రు. అలవాటే. యాడ పెట్టాలె వేలు?"

ఒంటిగంటకు మొదలుపెట్టాడు. తెర మీద అతని తొమ్మిదేళ్ళూ వరసగా నిలబడ్డాయి. ఓదెలు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు కానీ ఇళ్ళు మరిచిపోడు. ఏ ఇంట్లో నిజంగా విడిచిందో, ఏ ఇంట్లో డబ్బా తెరిచాడో, ఆ రోజు ఆ ఇంట్లో ఏ కూర ఉడుకుతోందో కూడా గుర్తుంది. "ఇది నిజం. ఇది అబద్ధం. ఇదీ అబద్ధం." అబద్ధమన్న ప్రతిచోటా బొటనవేలు పెట్టాడు. పంచాంగం ప్రతిసారీ ఒకే ప్రశ్న అడిగింది: "మీరు చూడనిదాన్ని చూశానని నమోదు చేశారా?" ప్రతిసారీ అతను "చేసిన" అన్నాడు. యాభై దాటేసరికి గొంతు ఎండింది. కనకక్క లేచి మంచినీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

రెండున్నరకు సమ్మయ్య లోపలికి వచ్చాడు. పక్క వీధుల అంగీలవాడు, ఓదెలు దగ్గరే పని నేర్చినవాడు. తెర చూడగానే అతనికి అర్థమైంది.

"ఏం పని ఓదెలన్నా ఇది? నువ్వు మునిగితే మునుగు. మమ్ములెందుకు ముంచుతవ్?"

"నీ పేరు చెప్పలే."

"చెప్పాల్నా? నీది తీసినంక నాది కనవడదా? మస్తు మంచోనివి అయినవ్ గని, ఇన్నేండ్లు మనం చేసింది పాపమా? ఎంతమంది ఇండ్లు నిలబెట్టినం!"

"నిలబెట్టినం. ఒక్కొక్క ఇల్లు నిలబెట్టి అందరి ఇండ్ల మీదికి తెచ్చినం."

"ముసలితనంల జ్ఞానం పుట్టింది!"

"పుట్టినప్పుడే పనికొస్తది సమ్మయ్యా. జరుగు, వెలుతురుకు అడ్డమొస్తున్నవ్."

సమ్మయ్య తలుపు ధడాలున వేసి పోయాడు. పెట్టెలో దొరసాని ఉలిక్కిపడి గోడెక్కింది. కనకక్క మూత మీద చెయ్యి వేసి, "నీ మీద కాదు తల్లీ," అంది.

మూడూ నలభై అయిదుకు జాబితా అయిపోయింది. నివేదిత కూడి చూసింది. మళ్ళీ కూడింది.

"రెండువందల పది రద్దయ్యాయి. సరిగ్గా ఆరువందలు మిగిలాయి."

"అంటే?"

"ఆరువందలు ఉన్నంతవరకూ దానికి హక్కు ఉంటుంది. ఒక్కటి తక్కువైతే పోతుంది." ఆమె గొంతు తగ్గించింది. "ఇంకేమైనా మరిచిపోయారా?"

ఓదెలు మరిచిపోలేదు. వదిలేశాడు. కిందటేడాది, పన్నెండో వీధి, కనకక్క ఇల్లు. ఆ ఒక్క వరసను మూడుసార్లు దాటి వచ్చాడు. అది తీసేస్తే దొరసాని ఇరవై రెండు నెలలుగా విడవనిదని బయటపడుతుంది. పంచాంగం హక్కు పోకపోతే, లెక్క ఎక్కడైనా పొరపాటైతే, సూది మొదట పడేది దానికే. ఇరవై రెండు నెలలంటే సూది కూడా కాదు. పుస్తకంలో దానికి వేరే మాట ఉంది: తొలగింపు.

అతను కనకక్క వైపు తిరిగాడు.

"నాదేనా మిగిలింది?" అంది ఆమె.

"నీదే. దెబ్బతింటే మొదలు నువ్వే పోతవక్కా. నువ్వు పెట్టమన్నదాక నేను పెట్టను."

కనకక్క మూత కొంచెం పక్కకు జరిపి లోపలికి చూసింది. గోడెక్కిన దొరసాని తీరుబడిగా అడుగుకు దిగుతోంది. తిట్టడం తప్ప ఇంకేదీ తొందరగా చేయని ఆ మనిషి చాలాసేపు అలాగే చూసింది.

"చంద్రయ్య భార్య నిన్న షెడ్డుల అడిగింది," అంది చివరికి. "'మాకు డబ్బల అంగీ ఎందుకు పెట్టలే ఓదెలు?' అని. నేనేం చెప్పాలె? నేను అందరికన్న ముందు సర్వపిండి పెడుత కాబట్టి నాకు పెట్టిండని చెప్పాల్నా?" మూత మూసింది. "పెట్టు వేలు. ఇంకేం చూస్తున్నవ్, పెట్టు!"

ఓదెలు వేలు పెట్టాడు.

"మీరు చూడనిదాన్ని చూశానని నమోదు చేశారా?"

"చేసిన."

తెర మీద 'తదుపరి విడుపు' అన్న వరసలో అంకెలు ఒక్కటొక్కటిగా పోయాయి. వార్డులోని పదకొండు వందల ఇళ్ళకు ఎదురుగా గీతలే మిగిలాయి. పంచాంగం గొంతులో మార్పేమీ లేదు. "ఆధారం చాలదు. పాత గడువుతో కొనసాగించాలా? లేక కొత్త గడువును అధికారి చెబుతారా?"

నివేదిత చేతులు బల్ల మీదే ఆగిపోయాయి.

"ఓదెలు గారూ, త్వరగా చెప్పండి. పెద్దవి ఎన్నాళ్ళకొకసారి విడుస్తాయి? ఒక అంకె చాలు."

"ఒకటి ఏడాదిన్నరకు ఇడుస్తది. ఇంకోటి రెండేండ్లు దాటిస్తది. ముసలైన కొద్దీ ఇంక ఆలస్యం. మగది పెద్దగైనంక మల్ల ఇడువనే ఇడువది, ఉన్న అంగీతోనే చస్తది. ఏ అంకె చెప్పినా సగం ఇండ్లకు అబద్ధమే మేడం."

"అంకె లేకపోతే పంచాంగం ఆగిపోతుంది. వార్డులో గడువే ఉండదు. ఏది వింటోందో, ఏది చెవిటిదో ఎలా తెలుస్తుంది?"

"ఇంటింటికి పోయి గచ్చు మీద కూసోవాలె. నేను చూపిస్త. జీతం లేకున్నా చూపిస్త."

బయట నాలుగు గంటలు కొట్టింది. బల్ల మీది మైకులో డ్రైవర్ గొంతు గరగరలాడింది.

"మేడం, పన్నెండో వీధిల ఉన్న. ఇంటికి తాళమున్నది, పలక మీద తేదీ కనవడుతలేదు. సూది వెయ్యాల్నా, వద్దా?"

నివేదిత తెర వైపు చూసింది. రెండు ప్రశ్నలూ వెలుగుతూనే ఉన్నాయి. ఆమె రెండింటినీ ముట్టుకోకుండా మైకు దగ్గరికి లాక్కుంది.

"వద్దు. వెనక్కి వచ్చేయ్."

"మిగతా బండ్లు గుడ అడుగుతున్నయి మేడం."

"అన్నిటినీ రమ్మను."

"ఎప్పటిదాక?"

నివేదిత ఓదెలు వైపు చూసింది. కనకక్క అప్పటికే పెట్టె ఎత్తుకుంది.

"ఇడిసినప్పుడు మేమే చెప్తమను," అంది. "నడువు తమ్మీ, వచ్చి దారం కట్టు. ఇంట్ల కాపు లేదు."